అన్యసన్నిధి: టెలివిజన్ అధిక్షేపం, వాక్స్వాతంత్ర్యం – బ్యోమర్‌మాన్ వివాదంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

టెలివిజన్ హాస్యంలో అధిక్షేపానికి హద్దు ఎక్కడ అన్న ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. అసలు హద్దే లేదన్నది ఒకటి. ఎవరి మనసైనా నొచ్చిన చోటే హద్దు అన్నది మరొకటి. 2016లో జర్మన్ హాస్యకారుడు యాన్ బ్యోమర్‌మాన్ టర్కీ అధ్యక్షుడిపై చదివిన కవిత, దానిపై నడిచిన వ్యాజ్యాల ఆధారంగా ఈ రెండు సమాధానాలూ చాలవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మాట అన్నవాడు, మాట పడ్డవాడు కాక ఆ మాటను పక్కనుండి వినే మూడో మనిషి ఒకడు ఉంటాడు. మన అలంకారశాస్త్రం ‘అన్యసన్నిధి’ అన్న పేరుతో అతనికి స్థానం కల్పించింది. ఆ మూడో మనిషి మీద పడే భారాన్ని తూచడం చట్టం పని కన్నా విమర్శ పని అని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అధిక్షేపం, టెలివిజన్ హాస్యం, వాక్స్వాతంత్ర్యం, ఆక్షేపాలంకారం, అన్యసన్నిధి, ఔచిత్యం.

1. ఉపోద్ఘాతం

నాట్యశాస్త్రం చివరి అధ్యాయంలో ఒక కథ ఉంది. నాట్యవేదం నేర్చిన గర్వంతో భరతపుత్రులు ఋషులను ఎగతాళి చేస్తూ ప్రహసనాలు ఆడారు. ఆగ్రహించిన ఋషులు వారిని శపించారు. ఆ శాపం ఆడినవారితో ఆగక వారి వంశానికంతటికీ తగిలింది. హాస్యం నొప్పించడం, నొచ్చినవారు దండించడం, ఆ దెబ్బ ఏ మాటా అననివారి మీద కూడా పడడం అనే మూడు అంశాలు ఈ చిన్న కథలోనే ఉన్నాయి. నేటి వివాదాలలో మొదటి రెండింటి గురించే చర్చ జరుగుతుంది. మూడవది మరుగున పడుతుంది.

తెలుగువారికి అధిక్షేపం కొత్త కాదు. అధిక్షేప శతకాలు, పగటివేషాలు, తోలుబొమ్మలాటలోని కేతిగాడు, బంగారక్కల సరసాలు, కందుకూరి వీరేశలింగం ప్రహసనాలు ఈ సంప్రదాయంలోనివే. అయితే పగటివేషగాడికీ బొమ్మలాటగాడికీ తమ ముందు కూర్చున్నది ఎవరో తెలుసు. ఎవరిని ఎంతవరకు అనవచ్చో, ఏ ఊళ్లో ఏ మాట చెల్లదో వారికి అనుభవంతో తెలిసేది. టెలివిజన్ హాస్యకారుడికి ఆ వీలు లేదు. అతని మాట ఏ ఇంట్లో ఎవరి చెవిన పడుతుందో అతనికి కనబడదు. అందువల్ల టెలివిజన్ అధిక్షేపాన్ని విచారించేటప్పుడు కనబడని శ్రోత గురించిన ప్రశ్న మరింత ముఖ్యమవుతుంది. ఆ ప్రశ్నను పరీక్షించడానికి ప్రసార సందర్భం, వ్యాజ్యం, తీర్పు అన్నీ స్పష్టంగా నమోదైన బ్యోమర్‌మాన్ వివాదం అనువైనది.

ఈ వ్యాసంలో ‘అధిక్షేపం’ అన్న మాట పాలకులనూ లోకరీతినీ హేళన చేసే రచనకు, ప్రదర్శనకు వాడడం జరిగింది. వాడుకలో దీనినే ‘వ్యంగ్యం’ అంటున్నా, శాస్త్రపరిభాషలో వ్యంగ్యమంటే స్ఫురించే అర్థం. ఈ రెండూ కలగలిసిపోకుండా ఉండేందుకే ఈ విభజన.

2. వివాద నేపథ్యం

2016 మార్చి 17న జర్మనీలోని ఎన్.డి.ఆర్. సంస్థ ‘ఎక్స్‌ట్రా 3’ అన్న కార్యక్రమంలో టర్కీ అధ్యక్షుడు రెజెప్ తయ్యిప్ ఎర్డోగాన్‌పై ఒక హాస్యగీతాన్ని ప్రసారం చేసింది. 1980ల నాటి ఒక ప్రసిద్ధ జర్మన్ పాట బాణీలో సాగిన ఆ గీతం పత్రికారచయితల నిర్బంధం, మహిళల ప్రదర్శనపై పోలీసుల దాడి, కుర్దులపై సైనిక చర్య వంటి విషయాలను వార్తాదృశ్యాలతో జోడించి ఎత్తిచూపింది. టర్కీ ప్రభుత్వం అంకారాలోని జర్మన్ రాయబారిని పిలిపించి నిరసన తెలిపింది. జర్మనీ ఆ నిరసనను అంగీకరించలేదు.

రెండు వారాల తర్వాత మార్చి 31న, జడ్.డి.ఎఫ్. నియో ఛానెల్‌లోని తన కార్యక్రమంలో బ్యోమర్‌మాన్ ఈ సంగతిని ఎత్తుకున్నాడు. ‘ఎక్స్‌ట్రా 3’ చేసినది చట్టం అనుమతించే అధిక్షేపమని, చట్టం అనుమతించని కేవల దూషణ వేరే ఉందని, అదెలా ఉంటుందో ఉదాహరణగా చూపుతానని ముందే చెప్పి 24 పాదాల కవిత ఒకటి చదివాడు. వెనుక టర్కీ జెండా, ఎర్డోగాన్ చిత్రం, తెరపై టర్కిష్ అనువాదం కనిపించాయి. కవిత నిండా లైంగికమైన బూతు, పశుసంపర్కపు నిందలు, టర్కీవారి గురించి వ్యాపించిన చవకబారు ఊహలు ఉన్నాయి. మధ్యలో అల్పసంఖ్యాక వర్గాల అణచివేత గురించిన మాటలూ ఉన్నాయి. మరునాడే ఛానెల్ ఆ భాగాన్ని తన వెబ్ భాండారం నుంచి తొలగించింది.

అప్పటి జర్మన్ శిక్షాస్మృతిలోని 103వ సెక్షన్ విదేశీ దేశాధినేతలను అవమానించడాన్ని ప్రత్యేక నేరంగా పరిగణించేది. దాని కింద విచారణ జరగాలంటే జర్మన్ ప్రభుత్వం అనుమతించాలి. ఛాన్సలర్ అంగేలా మెర్కెల్ ఏప్రిల్ 15న ఆ అనుమతినిస్తూనే ఆ సెక్షన్‌ను రద్దు చేయాలన్న నిర్ణయాన్నీ ప్రకటించారు. అంతకుముందు ఆ కవితను ఉద్దేశపూర్వకంగా నొప్పించేదిగా పేర్కొనడం తాను చేసిన పొరపాటని ఆ నెలలోనే ఆమె అంగీకరించారు. 2016 అక్టోబరులో మైంట్స్ నగర ప్రాసిక్యూటర్లు కేసును మూసివేశారు. ఎర్డోగాన్ వేసిన సివిల్ దావాలో మాత్రం 2017 ఫిబ్రవరిలో హాంబర్గ్ న్యాయస్థానం 24 పాదాలలో 18 పాదాలను నిషేధించింది. 2018లో పై న్యాయస్థానం ఆ తీర్పునే నిలబెట్టింది. 2022లో జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం హాస్యకారుడి ఫిర్యాదును విచారణకు స్వీకరించలేదు. 103వ సెక్షన్ 2018 జనవరి 1 నుంచి లేకుండా పోయింది. ఒక్క ప్రదర్శన ఒక చట్టాన్ని పోగొట్టింది, తానూ మూడు వంతులు నిషేధానికి గురైంది.

3. సారం, వేషం: జర్మన్ న్యాయమీమాంస

జర్మన్ సాహిత్యలోకంలో అధిక్షేపానికి హద్దు లేదన్న వాదనకు కుర్ట్ టుఖోల్‌స్కీ 1919లో రాసిన వ్యాసం ఆధారం. న్యాయస్థానాలు అంత దూరం వెళ్లలేదు. అధిక్షేప రచనలో చెప్పదలచిన సారాన్ని, దానికి తొడిగిన వేషాన్ని విడదీసి చూడాలన్నది అక్కడి న్యాయమీమాంస. అతిశయం, వికృతీకరణం అధిక్షేపానికి సహజం కనుక వేషం విషయంలో ఉదారంగా ఉండాలి. సారాన్ని మాత్రం నిశితంగా పరీక్షించాలి.

ఈ సూత్రానికి ప్రసిద్ధమైన పరీక్ష 1987లో ఎదురైంది. బవేరియా ప్రధాని ఫ్రాంజ్ జోసెఫ్ స్ట్రౌస్‌ను న్యాయమూర్తుల దుస్తులు వేసుకున్న పందులతో సంగమిస్తున్న పందిగా చూపిన వ్యంగ్యచిత్రాలపై రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. చిత్రాలు కళేనని ఒప్పుకుంటూనే, అవి మనిషిని మనిషిగా కాకుండా చేస్తున్నాయని, మానవ గౌరవం ముందు కళాస్వేచ్ఛ నిలవదని నిర్ణయించింది.

ఈ విభజన ఉపయోగకరమే కాని, అధిక్షేపంలో వేషం ఎప్పుడూ పైపూత కాదు. శబ్దార్థాలు శరీరమైతే ధ్వని ఆత్మ అన్న మన ఆలంకారికులు కూడా శరీరాన్ని తీసేసి ఆత్మను చూపలేదు. ఏ వేషం ఎంచుకున్నాడన్న దానిలోనే అధిక్షేపకుడి చూపు బయటపడుతుంది. బ్యోమర్‌మాన్ కవిత విషయంలో ఈ లోపం స్పష్టంగా కనిపిస్తుంది.

4. ఆక్షేపాలంకారంగా ప్రదర్శన

‘ఇది చెప్పకూడదు’ అంటూ చెప్పడం మన అలంకారశాస్త్రానికి తెలిసిన ప్రక్రియే. చెప్పదలచిన దానినే, ఒక విశేషార్థం స్ఫురించడానికి, నిషేధించినట్లు పలకడం ఆక్షేపాలంకారమని మమ్మటుడి కావ్యప్రకాశం. బ్యోమర్‌మాన్ ప్రదర్శన మొత్తం ఈ అలంకారం మీదే నిలిచింది. అతడు కవితకు ముందు ఒక నిషేధ వాక్యాన్ని, మధ్యమధ్య అదే హెచ్చరికను నిలిపాడు. అందువల్ల స్ఫురించే విశేషార్థం ఎర్డోగాన్ గురించినది మాత్రమే కాదు. ఒక పాటకే రాయబారిని పిలిపించే పాలకుడి అసహనం, రాజుల కాలపు నేరాన్ని ఇంకా శిక్షాస్మృతిలో దాచుకున్న జర్మనీ తీరు, ఏది అధిక్షేపం, ఏది దూషణ అని నిర్ణయించే పని పోలీసులకు అప్పగించడంలోని హాస్యాస్పదత కూడా అందులో ధ్వనిస్తాయి.

మైంట్స్ ప్రాసిక్యూటర్లు ఈ ధ్వనిని గుర్తించారు. కవితలోని నిందలు నమ్మశక్యం కానంత అసంబద్ధమైనవని, ప్రదర్శన సందర్భాన్ని బట్టి చూస్తే అవమానించాలన్న ఉద్దేశం రుజువు కాదని వారు భావించారు. హాంబర్గ్ న్యాయస్థానం అదే రచనను మరో విధంగా చదివింది. సందర్భం ఎలాంటిదైనా దానిలో పొదిగిన ప్రతి మాటా చెల్లదని, వ్యక్తి ప్రవర్తనలో ఏ ఆధారమూ లేని తీవ్రమైన లైంగిక నిందలను అతడు భరించనవసరం లేదని చెప్పింది. ఈ రెండు పఠనాలూ పరస్పర విరుద్ధాలుగా కనిపించినా వాటి ప్రశ్నలే వేరు. క్రిమినల్ చట్టం అన్నవాడి మనసులో ఏముందని అడుగుతుంది. సివిల్ చట్టం పడ్డవాడు ఏం పోగొట్టుకున్నాడని అడుగుతుంది.

ఆక్షేపాలంకారానికి ఒక పరిమితి ఉంది. నిషేధించినా ఆ మాట వినేవాడి చెవిన పడనే పడుతుంది. ‘ఇది అనకూడదు’ అన్న ముందుమాట వక్తకు రక్షణ కావచ్చు కాని, వినేవాడికి కాదు.

5. పాదఖండన, ఔచిత్యం

ఒక కవితను ఆరు పాదాలు చెల్లుతాయి, పద్ధెనిమిది చెల్లవు అని విడదీయడం సాహిత్యదృష్టితో సమర్థనీయం కాదు. ప్రబంధమంతా కలిసి ఒక అర్థాన్ని ధ్వనింపజేయగలదని ఆనందవర్ధనుడు చెప్పాడు. ముందుమాట, నటన, జెండా, అనువాదం, కవిత అన్నీ కలిసి ఉన్న టెలివిజన్ ప్రదర్శనకు ఆ మాట మరింత వర్తిస్తుంది. పాదాలను విడిగా తూచినప్పుడు బూతు మిగులుతుంది, ప్రదర్శన పోతుంది.

అయినా ఆ తీర్పులో విమర్శకులు తేలికగా తోసిపుచ్చరాని సూత్రం ఒకటుంది. నిందకు వ్యక్తి చేతల్లో ఆధారం ఉండాలన్నదే ఆ సూత్రం. మన పరిభాషలో ఇది ఔచిత్యం. ‘ఔచిత్యవిచారచర్చ’ రాసిన 11వ శతాబ్ది కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడే ‘నర్మమాల’, ‘దేశోపదేశం’ వంటి కఠినమైన అధిక్షేప కావ్యాలు కూడా రాశాడు. అందువల్ల ఔచిత్యమంటే మెత్తగా మాట్లాడడమని, మర్యాదలు పాటించడమని అనుకోవడం సరికాదు. లంచగొండి అధికారిని ఎంత నిర్దయగా హేళన చేసినా ఆ హేళన లంచానికి అతుక్కుని ఉంటే అది ఉచితమే.

ఈ గీటురాయిపై ‘ఎక్స్‌ట్రా 3’ గీతాన్ని, బ్యోమర్‌మాన్ కవితను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. గీతంలోని ప్రతి హేళనకూ ఒక వార్త ఆధారం. ఆ రోజుల్లో టర్కీలో అధ్యక్షుడిని అవమానించారన్న అభియోగంపై 1,845 కేసులు నడుస్తున్నాయని 2016 మార్చిలో ఆ దేశ న్యాయశాఖ మంత్రే ప్రకటించాడు. అధిక్షేపకుడికి ఇంతకన్నా మంచి సరుకు దొరకదు. కవిత దానిని వదిలి, ఎవరినైనా అనగలిగే బూతును ఎంచుకుంది. ఫలితంగా వేలమందిని ముద్దాయిలుగా నిలబెట్టిన పాలకుడు హాంబర్గ్‌లో గౌరవం దెబ్బతిన్న ఫిర్యాదుదారుగా నిలబడ్డాడు. జర్మన్ చట్టంపై అధిక్షేపంగా ఆ ప్రదర్శన సఫలమైంది. ఎర్డోగాన్ పాలనపై అధిక్షేపంగా విఫలమైంది.

6. అన్యసన్నిధి

వ్యంగ్యార్థం స్ఫురించడానికి కారణాలను చెబుతూ మమ్మటుడు వక్త, బోద్ధవ్యుడు, కాకువు, వాక్యం, వాచ్యం, అన్యసన్నిధి, ప్రస్తావం, దేశం, కాలం మొదలైనవాటిని పేర్కొన్నాడు. అన్యసన్నిధి అంటే వక్త, బోద్ధవ్యుడు కాని మరొకరు దగ్గర ఉండడం. అత్త పగలంతా ఇంటి చాకిరీ చేయిస్తుందని, సాయంత్రమే కాస్త తీరిక దొరుకుతుందని పొరుగామెతో చెప్పుకునే ఇల్లాలి మాట ఇందుకు కావ్యప్రకాశంలోని ఉదాహరణ. పొరుగామెకు అది కష్టాల ముచ్చట. పక్కనే ఉన్న ప్రియుడికి అది సంకేతం. మాట ఒకటే అయినా, మూడో మనిషి ఉండడం వల్ల దానికి మరో అర్థం పుట్టింది.

బ్యోమర్‌మాన్ కవితకు పైకి కనిపించే బోద్ధవ్యుడు ఎర్డోగాన్. స్ఫురించే బోద్ధవ్యులు జర్మన్ పాలకులు, చట్టం. ఇక పక్కన ఉన్నవారెవరు? 1961లో టర్కీతో కుదిరిన కార్మిక ఒప్పందం తర్వాత జర్మనీ కర్మాగారాలకు వచ్చినవారు, వారి పిల్లలు, మనుమలు. నేడు టర్కీ మూలాలున్నవారు అక్కడ సుమారు 30 లక్షల మంది. మేకతో ముడిపెట్టే పశుసంపర్కపు తిట్టు వారికి ఒక నియంత మీద వేసిన కొత్త విసురు కాదు. జాతి ద్వేషులు టర్కులను, ముస్లిములను తిట్టడానికి వాడే పాత మాట. అధ్యక్షుడిని ద్వేషించే టర్కిష్ జర్మన్ కూడా ఆ తిట్టు నుంచి తప్పించుకోలేడు, ఎందుకంటే అది పదవికి కాక పుట్టుకకు తగులుతుంది.

మూడు జంతువుల ఉదాహరణలతో ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. టర్కీ వ్యంగ్యచిత్రకారుడు మూసా కార్ట్ ఎర్డోగాన్‌ను దారపు ఉండలో చిక్కుకున్న పిల్లిగా గీసి దావాను ఎదుర్కొన్నాడు. ఆయనకు సంఘీభావంగా 2005లో ‘పెంగ్వెన్’ హాస్యపత్రిక చిత్రకారులు అదే నాయకుడిని అనేక జంతువుల రూపంలో గీశారు. స్ట్రౌస్ చిత్రాల్లోని జంతువు పంది. బ్యోమర్‌మాన్ కవితలోనిది మేక. పిల్లి చిత్రానికి పాలకుడి చేత ఆధారం, అది మరెవరికీ తగలదు. పంది చిత్రం అసభ్యమే అయినా న్యాయవ్యవస్థతో నాయకుడి సంబంధాన్ని సూచిస్తుంది, అదీ మరెవరికీ తగలదు. మేకకు పాలకుడి చేతల్లో ఆధారం లేదు, తగిలేది ఒక సమూహానికంతటికీ. మూడింటిలోనూ మనిషిని జంతువుతో జోడించడం సమానమే. బూతు పాళ్లను బట్టి కాక, దెబ్బ ఎవరి మీద పడిందన్న దానిని బట్టే వాటి విలువ మారుతుంది.

అన్యసన్నిధిలో మరో వర్గమూ ఉంది. టర్కీలోనే ఉండి రాసేవారు, గీసేవారు. మూసా కార్ట్ 2016 చివరలో తన పత్రిక సహోద్యోగులతో పాటు జైలుకు వెళ్లాడు. అధ్యక్షుడి అవమానాన్ని ప్రత్యేక నేరంగా చూసే టర్కీ చట్టం భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2021లో చెప్పింది. జర్మనీలో పోలీసు రక్షణ పొందిన హాస్యకారుడి కవిత మీద ప్రపంచమంతా వాదించుకుంటున్న నెలల్లో వీరి మాట తగినంత వినబడలేదు. స్వేచ్ఛ కోసం వాదించినవారు వక్తను చూశారు, గౌరవం కోసం వాదించినవారు బోద్ధవ్యుడిని చూశారు. అన్యసన్నిధి ఇద్దరి లెక్కలోకీ రాలేదు.

7. భారతీయ, తెలుగు సందర్భం

అదే 2016 జనవరిలో భారతదేశంలో హాస్యనటుడు కీకు శారదా అరెస్టయ్యాడు. ఒక టెలివిజన్ కార్యక్రమంలో డేరా అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్‌ను అనుకరించాడన్నది అభియోగం. మతభావాలను గాయపరచడాన్ని నేరంగా చెప్పే 295ఎ సెక్షన్ కింద హర్యానాలో కేసు నమోదైంది. నటుడు క్షమాపణ చెప్పాడు, బెయిలు పొందాడు. 2017 ఆగస్టులో అత్యాచారం కేసులలో ఆ డేరా అధిపతికి 20 ఏళ్ల శిక్ష పడింది. అనుకరణలో ఏ సమూహం మీదా దెబ్బ లేదు, పలుకుబడి ఉన్న ఒక్క వ్యక్తి మీదే ఉంది. అయినా అనుచరుల నొప్పి పేరుతో అరెస్టు జరిగింది. అన్యసన్నిధిని చట్టం చేతికి ఇస్తే జరిగే ప్రమాదం ఇదే. పక్కన ఉన్న బలహీనుడి పేరు చెప్పి బలవంతుడే ఫిర్యాదు చేస్తాడు.

రాజ్యాంగంలోని 19(2) అధికరణం వాక్స్వాతంత్ర్యంపై పరిమితులకు చెప్పిన కారణాలలో మనోభావాల గాయం లేదు. విదేశాలతో స్నేహసంబంధాలు మాత్రం 1951 సవరణతో చేరాయి. జర్మనీ వదులుకున్న 103వ సెక్షన్ వెనుక ఉన్న ఆలోచనకు ఇది దూరపు చుట్టమే. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం 66ఎ సెక్షన్‌ను కొట్టివేస్తూ, చిరాకు కలిగించే మాటకూ హింసకు పురికొల్పే మాటకూ తేడా ఉందని స్పష్టం చేసింది. మరోవైపు కేబుల్ టెలివిజన్ నిబంధనల్లోని కార్యక్రమ నియమావళి జాతి, భాషా, ప్రాంతీయ సమూహాలను హేళనగా, చిన్నచూపుతో చూపరాదంటుంది. అన్యసన్నిధి స్పృహ అందులో ఉంది. అయితే ఆ నియమాన్ని అక్షరాలా అమలు చేస్తే మంచి అధిక్షేపం కూడా మిగలదు.

తెలుగు టెలివిజన్‌లో 2013లో ‘జబర్దస్త్’ మొదలైన తర్వాత చిన్న ప్రహసనాల ఒరవడి బలపడింది. వాటిలో పాలకుల మీద హాస్యం అరుదు. భార్య, లావుపాటి శరీరం, నల్లని రంగు, నత్తి, మగవాళ్లు కట్టే ఆడవేషం తరచుగా కనిపించే సరుకు. స్త్రీవేషం మనకు కొత్త కాదు. స్థానం నరసింహారావు, వేదాంతం సత్యనారాయణశర్మ ధరించిన స్త్రీపాత్రలను చూసి ప్రేక్షకులు మైమరచిపోయారు. వేషం ఒకటే అయినా, ఒకచోట స్త్రీ సత్యభామ అయింది, మరొకచోట తిట్టు అయింది. ఇంట్లో కూర్చుని చూసే స్త్రీ, హిజ్రా, నత్తి ఉన్న పిల్లవాడు ఇక్కడి అన్యసన్నిధి. సామాన్యంగా వీరు ఠాణాకు వెళ్లరు. నవ్వుతున్నవారి మధ్య కూర్చుని ఊరుకుంటారు. ఫిర్యాదు చేయగల సంఘబలం ఉన్నవారి విషయంలో మాత్రం వెంటనే క్షమాపణలు వస్తాయి.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి:

* అధిక్షేపం హద్దును బూతు పాళ్లను బట్టి, నొచ్చుకున్న వ్యక్తి హోదాను బట్టి నిర్ణయించడం కుదరదు. హేళనకు పాలకుడి చేతల్లో ఆధారం ఉందా, దెబ్బ అతనితో ఆగిందా, పుట్టుకను బట్టి ఇతరులకూ తగిలిందా అన్నవి అడగవలసిన ప్రశ్నలు.
* ‘చెప్పకూడదంటూ చెప్పిన’ ప్రదర్శనను మొత్తంగా చదవాలి. అయినా ఆ ముందుమాట అందులోని ప్రతి మాటనూ సమర్థించదు.
* పాలకుడి గౌరవానికి ప్రత్యేక చట్టం అనవసరం. 103వ సెక్షన్ రద్దు ఈ వివాదం మిగిల్చిన మంచి ఫలితం.
* అన్యసన్నిధి మీద పడే భారాన్ని శిక్షతో సరిచేయబోతే ఆ శిక్ష బలవంతుల ఆయుధమవుతుంది. దానిని పేరుపెట్టి చెప్పవలసింది విమర్శ.

తెలుగులో కావ్యహాస్యానికి, నాటకహాస్యానికి విస్తారమైన విమర్శ ఉంది. వారంవారం లక్షల ఇళ్లలోకి వచ్చే టెలివిజన్ హాస్యానికి అటువంటి నిలకడైన విమర్శ ఇంకా ఏర్పడవలసి ఉంది. అది లేని చోట హాస్యం మంచిచెడ్డలు తేల్చే పని ఠాణాకు, క్షమాపణ వీడియోకు మిగులుతుంది. ఫలానా హాస్యం పేలవమైనదని, పిరికిదని, బలవంతుణ్ణి వదిలి పక్కవాడిని కొట్టిందని విమర్శ ధైర్యంగా చెప్పగలిగితే, దానిని నిషేధించమని అడగవలసిన అవసరం తగ్గుతుంది.